ఎడమ అరచేతిలో విరిగిన కొక్కెం

ఇది రాయడం కుడి చేత్తో మొదలుపెట్టాను. ఆ పేజీలు ఇప్పుడు నాకే చదవడం రావు. ఒకటో తరగతి పిల్ల పలక మీద దిద్దినట్టున్నాయి. మిగతావి ఎడమ చేత్తో రాస్తున్నాను, మధ్యమధ్యలో ఆగి వేళ్ళు విదిల్చుకుంటూ.

గోల్ఫ్ ఆడేవాళ్ళకి నడుము పట్టేస్తుందని, మోచేతి లోపలివైపు నొప్పి వస్తుందని విన్నవాళ్ళు ఉంటారు. అరచేతిలో ఒక చిన్న ఎముక విరుగుతుందని, అది మామూలు ఎక్స్‌రేలో కనపడకుండా ఉండిపోగలదని నాకు ముందు తెలియదు. ఎవరికైనా ఆట తర్వాత చిటికెన వేలు మొద్దుబారుతుంటే, వాళ్ళు కూడా నాలాగా డాక్టరు ముందు నోరు పెగలనివాళ్ళయితే, వాళ్ళ కోసం ఇది. కొంత నా కోసం కూడా.

మేముండేది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, పాత అపార్ట్‌మెంటు పై అంతస్తులో. నాన్న ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ ఆఫీసులో చేస్తారు. అమ్మకి ఇల్లు, చర్చి, స్త్రీల ప్రార్థన కూటం. నేను పంజాగుట్టలో ఒక కంపెనీలో పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాసిపెట్టడం నా పని. మనుషులతో మాట్లాడే అవసరం తక్కువ కాబట్టి ఆ ఉద్యోగం నాకు నచ్చింది.

గోల్ఫ్ నచ్చింది కూడా అందుకే. ఒక శనివారం ఆఫీసు వాళ్ళందరూ ఊరి బయట ప్రాక్టీస్ మైదానానికి వెళ్తూ నన్నూ లాక్కెళ్ళారు. అక్కడ ఒకరు బంతి కొట్టబోతుంటే పక్కవాళ్ళు మాట్లాడకూడదు. అది ఆ ఆటలో మర్యాద. నేను కర్ర ఎత్తగానే మా టీమంతా గప్‌చుప్ అయిపోయింది. నేను ఏమీ అనకుండానే అంతమంది నా కోసం మౌనంగా నిలబడటం అదే మొదటిసారి. తర్వాతి వారం నేనొక్కదాన్నే వెళ్ళాను.

అక్కడ నేర్పే యాదగిరి సార్‌కి మెల్లగా చెప్పాను, నాది ఎడమచేతి వాటమని.

"ఎడమచేతి కర్రలు యాడికెల్లి తేవాలె బేటా? మా దగ్గర ఒక్కటి సుత లేదు," అన్నారాయన. "ఫికర్ చెయ్యకు. కుడిచేతి ఆటల ముందుండేది ఎడమ చెయ్యే. నీకే మంచిది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నిజంగానే బాగా వచ్చింది నాకు. "గోరింటాకు పెట్టుకున్న చేతుల్తోని పట్టుకున్నట్టు పట్టు, జర అల్కగ," అనేవారు. "పిడి చివర అరచేతిల దాచకు. బయటికి కనపడాలె." నాకేమో కర్ర ఎక్కడ జారి ఎవరి మీద పడుతుందోనని భయం. చివరిదాకా అరచేతిలో కుక్కి, మెట్రోలో కడ్డీ పట్టుకున్నట్టు బిగించి పట్టుకునేదాన్ని.

ఎడమచేతి సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఇంట్లో ఆ మాట ఉండదు. అన్నం తినడం, ఇచ్చిపుచ్చుకోవడం, చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, అన్నీ కుడి చేత్తోనే. రాత ఒక్కటే బడిలో ఎంత మార్చినా మారలేదు. దాన్ని అమ్మ చూడనట్టు వదిలేసింది. నేను డైరీ రాసుకుంటుంటే గదిలోకి వచ్చినా అమ్మ కళ్ళు నా మొహం మీదే ఉంటాయి, చేతి మీదకి దిగవు.

వేసవి మొదట్లో, జూన్‌లో కొత్తవాళ్ళకి చిన్న పోటీ ఉందని తెలిసింది. రోజూ మైదానానికి వెళ్ళలేను కదా. నాన్న క్రికెట్ వల ఒకటి తెచ్చి డాబా మీద నీళ్ళ ట్యాంకు పైపులకి కట్టారు. దాని ముందు ప్లాస్టిక్ పచ్చిక పట్టా పరిచాను. పట్టా కింద సిమెంటు. అసలు మైదానంలో కర్ర బంతిని తాకి కాస్త మట్టిని కోసుకుంటూ పోతుంది. మా డాబా మీద కోసుకోవడానికి ఏముంది? ఆఫీసు నుంచి రాగానే పైకెక్కి కొట్టేదాన్ని. కర్ర దిగినప్పుడల్లా ఠంగుమనేది. "పైన రోలు పెట్టారా ఏంటి వదినగారూ?" అని కింద ఫ్లాటు ఆవిడ అమ్మని అడిగింది.

మే చివర్లో ఒక సాయంత్రం కర్ర బంతి వెనక నేలని గట్టిగా కొట్టింది. ఎడమ అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు మెత్తటి కండలో, అగ్గిపుల్ల విరిచినట్టు అనిపించింది. చప్పుడు రాలేదు. కర్ర కింద పెట్టి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ట్యాంకు నీడలో కూర్చున్నాను. కాసేపటికి తగ్గింది. లేచి ఇంకో బంతి పెట్టాను.

జూన్

పోటీకి వెళ్ళలేకపోయాను. అరచెయ్యి వాచింది. అమ్మ నన్ను దగ్గర్లోని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఎక్స్‌రే తీయించారు. దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, విరగలేదన్నారు.

"కింద పడ్డావామ్మా?"

"లేదండి. ఆడుతుంటే..."

"షటిలా?"

నేను 'కాదు' అనేలోపు ఆయన రాసేసుకుంటున్నారు. "కుడిచేతి వాటమేగా?"

"అవునండి," అంది అమ్మ.

"మరింకేం. ఎడమ చెయ్యికి పెద్దగా పనుండదు. పట్టీ వేసుకో, తగ్గిపోతుంది."

అమ్మ కావాలని అబద్ధం చెప్పలేదు. నాకు మాటలొచ్చినప్పటి నుంచి ఎవరడిగినా చెప్పే జవాబే చెప్పింది. నేను కుర్చీలో కూర్చుని డాక్టరుగారి బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ చూస్తున్నాను. నోట్లో మాట ఉంది. దాన్ని బయటికి తేవాలంటే ఇద్దరు పెద్దవాళ్ళని ఒకేసారి కాదనాలి. లేచి, "థాంక్యూ అండీ" అని వచ్చేశాను.

ఆ తర్వాత పట్టీ వేసుకుని ఎడమ చేత్తోనే రాశాను. ఎడమ చేత్తోనే పనిచేశాను. వాపు తగ్గినట్టుంటే డాబా మీదికెక్కి మెల్లగా రెండు మూడు కొట్టి చూశాను కూడా.

జూలై

ముందు ఆఫీసులో తెలిసింది. మా మేనేజర్ ఫైలు చూసి నవ్వారు. "షారోన్, నీ డాక్యుమెంట్లో 'A' అక్షరాలన్నీ ఎవరెత్తుకెళ్ళారు?" కీబోర్డు మీద ఆ అక్షరం ఎడమ చిటికెన వేలిది. నొక్కుతున్నాననే అనుకుంటున్నాను. వేలు నొక్కట్లేదు, నొక్కలేదన్న కబురూ నాకు చేరట్లేదు. నేనూ నవ్వి, బాత్రూంకి వెళ్ళి ఆ వేలిని గిల్లి చూసుకున్నాను. గ్లవుజు తొడిగిన వేరేవాళ్ళ వేలిని గిల్లినట్టుంది. దాని పక్క వేలు సగం అంతే.

ఇంట్లో స్టీలు గ్లాసు జారింది. తర్వాత పాల ప్యాకెట్టు. తల దువ్వుకోలేకపోయాను. అమ్మకి పొద్దున్నే వంట, ప్రార్థన. నాన్న ముందుకొచ్చారు. ఆడపిల్ల జడ ఆయన ఎప్పుడూ వేసినవారు కాదు. పాయలు మూడు తీసి, కాసేపు ఆలోచించి, ఆఫీసులో ఫైళ్ళకి తాడు కట్టినట్టు కట్టారు. మెట్రో దిగేసరికి ఊడిపోయేది. మళ్ళీ వేసుకోలేను గనుక అలాగే వదిలేసేదాన్ని. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన నా తల చూసి, పేపరు చదువుకునేవారు. మర్నాడు ఇంకాస్త బిగించి కట్టేవారు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకి అమ్మ కూటం వాళ్ళు మా ఇంటికి వచ్చారు. నేను గదిలో దాక్కుంటే పిలిపించారు. ఒక్కొక్కరూ కన్నీళ్ళతో ప్రార్థన చేసి, నూనె రాసి, నా అరచేతిని రుద్దారు. వాళ్ళ ప్రేమలో నాకేమీ అనుమానం లేదు. కానీ అందరి బొటనవేళ్ళూ సరిగ్గా ఆ చోటే దిగుతున్నాయి.

"నొప్పి పోతోందా తల్లీ?" అనడిగింది ఒకావిడ.

"పోతోంది ఆంటీ," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక మంచం మీద పడుకుని దిండు కొరికాను. ఆ రోజు నుంచి అమ్మ రోజూ రుద్దడం మొదలుపెట్టింది. వద్దంటే, "విశ్వాసం లేకపోతే ఎలాగే?" అంది.

తర్వాత పెనం సంగతి జరిగింది. అమ్మ దోసెలు వేస్తోంది. నేను పక్కన నిలబడి పచ్చడి గిన్నె మూత తీస్తున్నాను. ఉన్నట్టుండి అమ్మ నా భుజం పట్టి లాగింది.

"చెయ్యి తియ్యవే! చెయ్యి!"

నా ఎడమ చిటికెన వేలు పెనం అంచుకి ఆని ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. చర్మం తెల్లబడి బొబ్బ లేస్తోంది. నాకు నొప్పి లేదు. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడిపోయాం. దోసె మాడింది. అమ్మ వేలిని కుళాయి కింద పెట్టి, "మంటగా ఉందా? కొంచెమైనా మండుతోందా?" అని అడుగుతూనే ఉంది. అవునని చెప్పమని నన్ను బతిమాలుతున్నట్టుంది. ప్రార్థనకి వచ్చిన ఆవిడకి చెప్పినంత తేలిగ్గా ఆ అబద్ధం అమ్మకి చెప్పలేకపోయాను.

ఆ వారం నేను మనుషుల్లో లేను. చెయ్యి చచ్చిపోతోంది, ఇవాళ రెండు వేళ్ళు, రేపు మూడు, అని లెక్కలు కట్టుకుంటూ గడిపాను. బతికినన్నాళ్ళూ నేను మాట్లాడింది కాగితంతోనే. ఆ చెయ్యి పోతే నాకింక గొంతే ఉండదు. కుడి చేత్తో రాయబోయాను. ఒక వాక్యం పూర్తయ్యేసరికి ఏం చెప్పాలనుకున్నానో మర్చిపోయేదాన్ని. మెట్రోలో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. చర్చిలో పాటల పుస్తకం వెనక ఏడ్చాను. దేవుడితో కూడా మాట్లాడబుద్ధి కాలేదు.

ఆగస్టు

నాన్న ఆఫీసులో ఎవరో చెబితే, చేతులకే ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ ఎక్కేచోట. వాన. నాన్నకి సెలవు దొరకలేదు, అమ్మా నేనూ వెళ్ళాం. హాలంతా తడి గొడుగులు, కట్లు కట్టిన చేతులు. మా టోకెన్ చాలా దూరంలో ఉంది. అమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది.

నాకు రెండోవైపు నడుముకి వెడల్పు బెల్టు, మోచేతికి పట్టీ పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నారు. ఆయనకి మాట్లాడేవాళ్ళు కావాలి. నా పట్టీ వైపు చూసి, "ఎట్ల తగిలింది బేటా?" అన్నారు.

మొదటి డాక్టరు ముందు రాని మాట ఆ తెలియని మనిషి ముందు వచ్చింది. "గోల్ఫ్ అండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. "అరె, మనోళ్ళే! నాది సుత గదే. రిటైరైనంక మొదలువెట్టిన. ఈ నడుమెందుకు పోయిందో ఎరికనా? తుంటి తిరగదు. ముసలి తుంటి ఎట్ల తిరుగుతది? గా తిప్పుడంతా నడుముతోనే తిప్పిన. ఇగ ఈ మోచెయ్యి. బంతికంటె నేలనే ఎక్కువ కొట్టిన. మా దోస్తుకు భుజం పోయింది. మేం నలుగురం కలిస్తే ఒక మంచి మనిషి తయారైతడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందని నవ్వాక తెలిసింది.

"నీకేమైంది?"

"అరచెయ్యి. ఎడమది. రెండు వేళ్ళకి స్పర్శ లేదు."

"ఆడేది కుడిచేత్తోనే గద?"

"అవునండి."

"మరి రాసేది?"

పక్కన అమ్మ పెదవులు ఆగాయి. కళ్ళు తెరవలేదు.

"ఎడమ చేత్తో," అన్నాను.

ఆయన నా వైపు వంగారు. "గా ముచ్చట డాక్టరుకు జెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను.

"నాకు జెప్తే ఏం ఫాయిదా బేటా? నా నడుమే నా మాట వింటలేదు. లోపలికి వోయి జెప్పు."

మా టోకెన్ పిలిచారు. డాక్టరమ్మ నడివయసు మనిషి, కళ్ళజోడు తలమీదకి తోసుకుని ఉన్నారు. పాత ఎక్స్‌రే చూశారు, కాగితం చూశారు.

"కుడిచేతి వాటం, కదా?"

"అవునండి," అంది అమ్మ, అలవాటుగా.

"కాదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గదిలో ఇద్దరూ నా వైపు తిరిగారు. "నేను ఎడమ చేత్తో రాస్తాను. పని కూడా ఈ చేత్తోనే. ఆడింది షటిల్ కాదు, గోల్ఫ్. డాబా మీద, సిమెంటు మీద." ఒక్క ఊపిరిలో చెప్పేసి, ఆయాసపడుతూ కూర్చున్నాను.

డాక్టరమ్మ మా తడి గొడుగు తీసుకుని నా చేతికిచ్చారు. "ఇది గోల్ఫ్ కర్ర అనుకో. ఎలా పట్టుకునేదానివో అలా పట్టుకో."

పట్టుకున్నాను. ఆవిడ నా వేళ్ళు నెమ్మదిగా విప్పి, గొడుగు పిడి చివర అరచేతిలో ఎక్కడ ఆనిందో అక్కడ బొటనవేలితో నొక్కారు. నేను అరవలేదు, అరవడం నాకు చేతకాదు. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారిపోయాయి.

"ఇక్కడ చిన్న ఎముకుంది. దానికి కొక్కెంలా ఒక ముక్క పైకి లేచి ఉంటుంది," అన్నారు. "పిడి సరిగ్గా దాని మీదే పెట్టావు. నేలకి తగిలిన దెబ్బంతా కర్ర వెంట పైకొచ్చి ఇక్కడ దిగింది. మట్టయితే కొంత మింగేది. సిమెంటు మింగదు కదా. కొక్కెం పక్క నుంచే ఆ రెండు వేళ్ళ నరం వెళ్తుంది."

స్కానింగ్‌లో తేలింది. కొక్కెం విరిగింది. అతుక్కోలేదు. దాని అంచు చిటికెన వేలిని ముడిచే స్నాయువుని, అంటే కండని ఎముకకి కట్టే తాడులాంటి దాన్ని, ఒరుసుకుంటోంది. ఇంకొన్నాళ్ళు ఆగితే అది తెగిపోయేదట. ముక్కని తీసెయ్యాలి. స్పర్శ వెనక్కి వస్తుందా అని అడిగాను. "రావచ్చు. మాటివ్వలేను," అన్నారు.

తర్వాత అడిగారు: "ఇన్నాళ్ళూ ఈ చేత్తోనే రాశావా?"

"అవునండి."

"మొదటిసారి కుడిచేతి వాటమని ఎవరు చెప్పారు?"

అమ్మ చీర కొంగు చేతిలో ముడేసుకుంటూ, "నేనేనండి," అంది. "రోజూ రుద్దింది కూడా నేనే."

ఆటోలో అమ్మ పక్కకి తిరిగి కూర్చుంది. పంజాగుట్ట చౌరస్తాలో ఆగిపోయాం, వాన జల్లు లోపలికి కొడుతోంది. నాకు కోపం ఉంది. చాలా ఉంది. "చేతికంటే నీకు జనం ఏమనుకుంటారన్నదే ముఖ్యమా అమ్మా?" అన్నాను. నా జీవితంలో అమ్మతో అంత పెద్ద మాట అదే.

అమ్మ నా వైపు తిరగకుండానే అంది: "నీ చిన్నప్పుడు సంఘంలో ఒక పెద్దావిడ నీ చేతి మీద కొట్టింది, రొట్టె ఎడమ చేత్తో అందుకున్నావని. అందరి ముందూ. ఇంకెవరూ కొట్టకూడదని నేర్పించానే."

నాకది గుర్తు లేదు. ఆటో కదిలింది.

సెప్టెంబరు నుంచి

ఆపరేషన్ గురించి రాయడానికి ఎక్కువ లేదు. పచ్చ గుడ్డలు, చలి, భుజం దగ్గర సూది. ఎముక ముక్క శనగగింజంత ఉందట. నేను చూడలేదు. అడిగితే చూపించేవారేమో.

అసలు కష్టం తర్వాత వచ్చింది. కట్టు విప్పాక చెయ్యి పాలిపోయి, సన్నబడి, ఎవరిదో తెచ్చి నాకు కుట్టినట్టుంది. మచ్చని గరుకు తువ్వాలుతో రుద్దమన్నారు, పిండిముద్దలాంటి దాన్ని పిసకమన్నారు. కళ్ళు మూసుకుంటే నాన్న దూదితో నా వేళ్ళు తాకేవారు. ఏ వేలో చెప్పాలి. చిటికెన వేలి దగ్గర ప్రతిసారీ నేను మౌనంగా ఉండేదాన్ని. ఆయన ఇంకా తాకలేదనుకునేదాన్ని. కళ్ళు తెరిస్తే దూది వేలి మీదే ఉండేది. నాన్న దాన్ని వెంటనే తీసేసి, "నేనే సరిగ్గా పెట్టలేదులే," అనేవారు. అక్టోబరంతా ఇంతే. ఇది ఇలాగే ఉండిపోతుందని నాకు నేను చెప్పుకోవడం మొదలుపెట్టాను.

అమ్మ చెయ్యి రుద్దడం మానేసింది. ప్రార్థన మానలేదు. నేను పిండిముద్ద పిసుకుతుంటే ఎదురుగా కూర్చుని ఊరికే చూసేది. మొహం వైపు కాదు, చేతి వైపే చూసేది.

నవంబర్ చివర్లో చిటికెన వేలిలో చీమలు పాకినట్టు మొదలైంది. అది మంచిదేనని డాక్టరమ్మ అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. జూన్ నుంచి అందరూ మంచిదేననే అంటున్నారు.

డిసెంబర్ మొదటి ఆదివారం చర్చికి వెళ్ళాం. ప్రభు భోజనం ఉన్న రోజు. మా చర్చిలో చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి, పళ్ళెం వరస వెంట పంపిస్తారు. నేను మామూలుగానే కుడి చెయ్యి ఒళ్ళోంచి తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. ఎడమ చెయ్యి దుపట్టా కింద ఉంది. పళ్ళెం అమ్మ దగ్గరికి వచ్చింది. అమ్మ తన గ్లాసు తీసుకుని పక్కన పెట్టుకుంది. నా గ్లాసు తనే తీసింది. తర్వాత దుపట్టా పక్కకి జరిపి, నా ఎడమ చెయ్యి బయటికి తీసింది.

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. అమ్మ ఆవిడ కళ్ళలోకే చూస్తూ గ్లాసు నా అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది, చిటికెన వేలు చివర.

"పట్టుకోవే," అంది మెల్లగా. "పడితే పడనీ."

గ్లాసు ఒరిగింది. ఒక చుక్క మణికట్టు మీదికి జారింది. గ్లాసు నిలిచింది. కళ్ళు మూసుకున్నాను, నాన్న దూది పట్టుకున్నప్పుడు మూసుకున్నట్టు. గాజు చల్లగా ఉంది. మిగతా వేళ్ళకి ముందే తెలుస్తోంది. కాస్త ఆలస్యంగా, చాలా దూరం నుంచి వచ్చినట్టు, చిటికెన వేలికి కూడా చల్లగా తగిలింది.